కోసే ముందు వాసన చూడండి

మొదటిసారి ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్ (ఎల్డర్ చెట్టు పూలు నానబెట్టి చేసే తీపి పాకం, నీళ్లు కలుపుకుని తాగేది) చేసిన ఏడాది, రెండు లీటర్ల పాకం సింకులో పారబోశాను. నేను చూసి చేసిన కొలతల్లో తప్పేమీ లేదు. 25 పూలగుత్తులు అని ఉంది, లెక్కపెట్టి 25 కోశాను. లీటరు నీళ్లు, కిలోన్నర పంచదార, నాలుగు నిమ్మకాయలు, ఒక రోజంతా నానబెట్టడం. చెప్పింది చెప్పినట్టు చేశాను. మర్నాడు మూత తీయగానే వంటిల్లంతా పిల్లి ఉచ్చ వాసన.

నేను ఇంగ్లండ్ వచ్చిన కొత్త అది. పక్కింట్లో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉండేది, ఇప్పటికీ ఉంది. ఏటా జూన్‌లో ఆవిడ వంటింటి కిటికీలోంచి వచ్చే వాసనే నాకు ఈ ఆలోచన పుట్టించింది. అందుకే ఆవిడనే పిలిచి గిన్నె చూపించాను. వంగి ఒక్కసారి గాలి పీల్చింది. "పాతిక కోశానన్నావు కదా అమ్మాయ్, అందులో ఎన్నింటిని వాసన చూశావు?" అని అడిగింది. ఒక్కదాన్నీ చూడలేదు. చూడాలని కూడా నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడే నన్ను కాలువ గట్టుకి తీసుకెళ్లింది. ఇరవై అడుగుల ఎడంలో రెండు చెట్లు. జాతి ఒకటే, ఎండా ఒకటే. మొదటి చెట్టు గుత్తిని ముక్కు దగ్గరికి లాక్కుంటే అప్పుడే వలిచిన లిచీ పండు వాసన, దాని వెనకాల సన్నగా నిమ్మతొక్క వాసన. రెండో చెట్టు దగ్గరికి వెళ్తే నిన్న నా వంటింట్లో కొట్టిన వాసనే. దాని పూలు ముదిరిపోయాయి, రేకల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. అంతకుముందు నేను కోసినవాటిలో సగం ఆ రెండో చెట్టువే.

అది జరిగి 11 వేసవులయింది. అప్పటినుంచి నేను గుత్తులు లెక్కపెట్టడం మానేశాను. ఈ పువ్వు విషయంలో కొలత ముక్కు చేతిలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఏ చెట్టు, ఏ పూట, ఎంతసేపు నానాలి, ఎప్పుడు వడకట్టాలి, ఇవన్నీ కాగితం మీది అంకెలు చూసి చేసేవాళ్లకి ఒక ఏడాది బాగా కుదురుతుంది, మరుసటి ఏడాది చెడిపోతుంది. ఎందుకు చెడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. పోస్టులు, వీడియోలు ఇన్ని వచ్చాయి కానీ వాటిలో చాలావరకు "20 నుంచి 30 గుత్తులు తీసుకోండి" అనే మొదలుపెడతాయి. అక్కడే దారి తప్పుతుందని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఈ చెట్టు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఎల్డర్ అంటే సాంబుకస్ నైగ్రా. చెట్టు అనడానికి చిన్నది, పొద అనడానికి పెద్దది. బ్రిటన్‌లోనూ ఐరోపాలో చాలా దేశాల్లోనూ పొలం కంచెల్లో, రైలు కట్టల పక్కన, పాత చర్చి ఆవరణల్లో, కుందేళ్ల బొరియల చుట్టూ దానంతటదే మొలుస్తుంది. తవ్వి కదిలించిన నేల, నత్రజని దండిగా ఉన్న నేల దానికి ఇష్టం. తోటపని వాళ్లు దీన్ని కలుపు కింద లెక్కేస్తారు. చెట్ల కొమ్మలు వంచి కంచె అల్లేవాళ్లకైతే అసలు గిట్టదు, కంచెలో ఇది పెరిగినచోట ఖాళీలు పడతాయి. అలా ఎవరికీ అక్కర్లేని ఈ చెట్టు మే చివరి వారంలో ఒక్కసారిగా మీగడరంగు గుత్తులతో నిండిపోతుంది. నాలుగైదు వారాలు, అంతే. ఎల్డర్ పూస్తే వేసవి వచ్చినట్టు, దాని కాయ పండితే వేసవి వెళ్లిపోయినట్టు అని ఇక్కడ పాతకాలం నుంచీ చెప్పుకుంటారు.

ఇక లెక్క సంగతి. ఒక గుత్తి అరచేతంత ఉంటుంది, ఇంకోటి అన్నం పళ్లెమంత ఉంటుంది. 10 సెంటీమీటర్ల గుత్తికీ 20 సెంటీమీటర్ల గుత్తికీ మధ్య వెడల్పులో తేడా రెండింతలే అయినా, పూల సంఖ్యలో తేడా సుమారు నాలుగింతలు. అలాంటప్పుడు 25 గుత్తులన్న మాటకి అర్థమేముంది? కాడలు తీసేసిన పువ్వుని దోసెళ్లతో కొలిస్తే కొంత నయం. రెండు పెద్ద దోసెళ్లు లీటరు నీళ్లకి సరిపోతాయి. అది కూడా తాజా పువ్వయితేనే.

తాజా అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ పువ్వు వాసనని మోసేవి లినలూల్, రోజ్ ఆక్సైడ్, హోట్రియెనాల్ లాంటి తేలికపాటి పదార్థాలు. రోజ్ ఆక్సైడ్ గులాబీలోనూ ఉంటుంది, లిచీలోనూ ఉంటుంది, మస్కట్ ద్రాక్షలోనూ ఉంటుంది. అందుకే మొదటిసారి వాసన చూసినవాళ్లకి ఇది ముందే తెలిసిన పండులా అనిపిస్తుంది. ఇవన్నీ గాలిలోకి ఇట్టే ఎగిరిపోయే రకం. పొద్దున తొమ్మిదింటికి ఘుమఘుమలాడే చెట్టు, ఎండ ముదిరి మధ్యాహ్నం రెండయ్యేసరికి చప్పబడిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వాన కురిసిన మర్నాడు కోస్తే పువ్వు చూపుకి కడిగిన ముత్యంలా ఉంటుంది, గిన్నెలో వేస్తే నీళ్లలా ఉంటుంది. వాన వెలిశాక ఒకటి రెండు రోజులు పొడి ఎండ కాయనివ్వాలి.

దగ్గరగా చూడండి. గుత్తి అంతా ఒకేసారి విచ్చుకోదు. మంచి గుత్తిలో ముప్పాతిక పూలు విచ్చుకుని ఉంటాయి, మిగతావి గసగసాల కంటే కాస్త పెద్దగా, మూసుకున్న మొగ్గలు. ఒక్కో పువ్వు అర సెంటీమీటరు వెడల్పు, అయిదు రేకలు, రేకల మధ్యలో అయిదు కేసరాలు, వాటి కొసన పసుపు. గుత్తి కింద అరచెయ్యి పెట్టి కాడని వేలితో మెల్లగా తట్టితే చేతిలో పసుపుపచ్చటి పుప్పొడి రాలాలి. పొడికి బదులు తెల్లటి రేకలు రాలాయంటే దాని పని అయిపోయిందన్నమాట, వదిలేసి పక్క కొమ్మకి వెళ్లండి. కాడని తిప్పి అడుగు కూడా చూడాలి. నల్లపేను దండులా పట్టేసి ఉంటుంది ఒక్కోసారి, పైనుంచి చూస్తే అనుమానమే రాదు.

ఇంటికి తెచ్చాక చాలామంది చేసే పని, గుత్తుల్ని కుళాయి కింద పెట్టడం. వద్దు. ఈ పువ్వులో మకరందం లేదు, పురుగులు వచ్చేదే పుప్పొడి కోసం. మనకి కావలసిన పరిమళంలోనూ చాలా భాగం ఆ పుప్పొడితోనే వస్తుందని ఇక్కడ చేయి తిరిగిన వాళ్లంతా చెబుతారు. కడిగి ఒకటి, కడగకుండా ఒకటి పక్కపక్కన రెండు గిన్నెల్లో పెట్టి నేనే చూశాను. కడిగినదానికి రంగు కూడా పాలిపోయింది. పురుగుల బెంగ ఉంటే గుత్తుల్ని పాత దుప్పటి మీద, నీడలో ఒక అరగంట పరిచి ఉంచండి. చిన్న నల్ల పురుగులు వాటంతటవే నడిచి వెళ్లిపోతాయి. మిగిలినవి వడకట్టినప్పుడు గుడ్డలో ఉండిపోతాయి. కడగక్కర్లేని చోట కోయడం మాత్రం మన బాధ్యత. బండ్లు తిరిగే రోడ్డు పక్కన, మందు కొట్టే పొలం గట్టున, కుక్కలు కాలెత్తే ఎత్తులో కోయకూడదు.

ఇంతసేపూ ముక్కుని పొగిడాను. దాన్ని నమ్మకూడని చోటు కూడా ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్లడం తప్పవుతుంది. ఇది ఎల్డరా కాదా అన్నది ముక్కు తేల్చే విషయం కాదు. అది కళ్లు, వేళ్లు, ఓపిక కలిసి తేల్చాలి.

మే, జూన్‌లలో ఇక్కడి గట్ల మీద తెల్లటి గొడుగుల్లాంటి పూలు పూసే మొక్కలు చాలా ఉన్నాయి. కొత్తిమీర పూతకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఆ కుటుంబానికే చెందిన కౌ పార్స్‌లీ ఈ కాలంలో గట్లన్నీ కమ్మేస్తుంది. దాని మధ్యనే హెమ్లాక్ ఉంటుంది, తిన్నవాళ్ల ప్రాణం తీసే మొక్క. కాడ మీద ఊదారంగు మచ్చలుంటాయి. కాలవల పక్కన హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. ఇవన్నీ పచ్చి కాడతో నేలలోంచి లేచే మొక్కలు. ఎల్డర్‌కి మాను ఉంటుంది, బెరడు ఉంటుంది. మొదట చూడవలసిన తేడా అదే: మీరు కోస్తున్న పువ్వు కొయ్య కొమ్మకి పూసిందా, గడ్డిలోంచి లేచిన కాడకి పూసిందా?

కొమ్మ అని తేలాక ఆకు చూడాలి. ఒక ఈనెకి అయిదో ఏడో చిట్టి ఆకులు, అంచులు రంపంలా. ఈనెలు కొమ్మ మీద ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. రోవన్ చెట్టుకి కూడా ఈ రోజుల్లోనే తెల్లపూల గుత్తులుంటాయి, కానీ దాని ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు, విడివిడిగా వస్తాయి. ఒక్కో ఈనెకి చిట్టి ఆకులు కూడా బాగా ఎక్కువ. ఎల్డర్ ముదురు బెరడు బూడిదరంగులో, లోతుగా పగిలి, నొక్కితే బెండులా మెత్తగా తగులుతుంది. లేతకొమ్మ విరిస్తే లోపల తెల్లటి గుజ్జులాంటి బెండు. పూలగుత్తి కాడ కొసన అయిదు ముఖ్యమైన రెమ్మలుగా ఒకేచోట చీలుతుంది. ఆకు నలిపితే దుర్వాసన. ఇన్ని గుర్తులూ కలిస్తేనే కత్తెర బయటికి తీయాలి. నాలుగు కలిసి అయిదోది కలవకపోతే ఇంటికి వచ్చేయాలి. మా అమ్మాయికి అయిదేళ్ల వయసులో ఇవి నేర్పడం మొదలుపెట్టాను. ఇప్పటికీ కొత్త చెట్టు దగ్గర బెరడు నొక్కి, ఆకుల జంటలు చూసి, గుర్తులన్నీ పైకి చెప్పాకే తను గుత్తి పట్టుకుంటుంది.

చెట్టు అదే అయినా అన్నీ తినదగ్గవి కావు. ఆకుల్లో, కాడల్లో, బెరడులో, పచ్చికాయల్లో సాంబునైగ్రిన్ అనే పదార్థం ఉంటుంది, అది కడుపులో సైనైడ్‌ని విడుదల చేస్తుంది. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక మారుమూల చోట, అక్కడి ఎల్డర్ జాతి కాయల్ని ఆకులు, రెమ్మలతో సహా పచ్చిగా పిండిన రసం తాగి కొందరు జబ్బుపడ్డారు. ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో మాంటెరే ఆస్పత్రికి చేర్చాల్సి వచ్చింది. ఎవరూ చనిపోలేదు. ఆకూ రెమ్మా ఏరి పారేయడం బద్ధకించేవాళ్లకి ఈ కథ చెబుతుంటాను. పువ్వుని కాడ నుంచి కత్తిరించే పని విసుగ్గానే ఉంటుంది, వేళ్లన్నీ పసుపవుతాయి, ఒక దోసెడుకి పది నిమిషాలు పడుతుంది. పచ్చదనం ఎంత తగ్గితే అంత మంచిది. రుచికి కూడా అదే మేలు, కాడ ఎక్కువైతే చేదు దిగుతుంది.

కోయడానికి హక్కుందా అని కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం, అడవిగా పెరిగిన చెట్టు నుంచి పూలూ కాయలూ ఆకులూ సొంతానికి కోసుకోవడం దొంగతనం కాదు. అమ్ముకోవడానికి కోస్తే మాత్రం అవుతుంది. భూమి యజమాని అనుమతి లేకుండా మొక్కని వేళ్లతో పెకలించడాన్ని 1981 నాటి వన్యప్రాణుల చట్టం నేరం అంటుంది. పరాయి స్థలంలో అడుగుపెట్టడం వేరే సంగతి. నేను నడకదారి మీద నిలబడి చేతికి అందినవే కోస్తాను, ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు కార్డియల్. లీటరు నీళ్లలో కిలోన్నర పంచదార కరిగేదాకా కాచి దించండి. బరువు లెక్కన చూస్తే అది 60 శాతం పంచదార. చాలా ఎక్కువని అందరూ అంటారు, నిజమే, కానీ తాగేటప్పుడు పది రెట్లు నీళ్లు కలుపుతాం. పాకం చెడకుండా కాపాడేది కూడా ఆ పంచదారే. నేను ఒకసారి కిలోకి తగ్గించాను, మూడో వారానికి సీసా మూత దగ్గర బూజు పట్టింది.

ఇక్కడే చాలామంది మరిగే పాకాన్ని పూల మీద పోసేస్తారు. ఆ క్షణంలో వంటిల్లంతా పరిమళంతో నిండిపోతుంది, ఎంత బాగుందో అనిపిస్తుంది. గదిలోకి వచ్చిన ఆ వాసన అంతా సీసాలోకి వెళ్లాల్సింది కదా! పాకాన్ని గోరువెచ్చగా, వేలు పెడితే హాయిగా ఉండేదాకా చల్లార్చండి. అప్పుడు నాలుగు నిమ్మకాయల పైతొక్క, తెల్లభాగం రాకుండా గీరి వేయండి. వాటి రసం, 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కూడా వేసి కలపండి. అప్పుడు పువ్వు. చెక్క గరిటెతో మెల్లగా ముంచి మూత పెట్టండి.

ఎంతసేపు? 24 గంటలని కొందరు, 48 అని కొందరు, అయిదు రోజులని ఇంకొందరు. నా సమాధానం ఒక్కటే, పన్నెండు గంటల తర్వాత నుంచి మూత తీసి చూస్తూ ఉండండి. మొదట్లో పాకం వాసన, పువ్వు వాసన విడివిడిగా తెలుస్తాయి. కాసేపటికి నిమ్మ పైకి వస్తుంది. తర్వాత ఒక దశలో మూడూ కలిసిపోయి పండు వాసనలా మారతాయి. ఆ పూట దాటితే ఎండుగడ్డి వాసన మొదలవుతుంది, అది ఒకసారి దిగిందంటే ఇక పోదు. వేడి రోజుల్లో నాకు 16 గంటలకే వడకట్టాల్సి వచ్చింది. చల్లటి వారంలో 30 గంటలు పట్టింది. ఈ రెండు అంకెలూ నిజమే అయినప్పుడు 24 అని రాయడం వల్ల ఎవరికి లాభం?

మల్లు గుడ్డని వేణ్నీళ్లలో ముంచి పిండి, రెండు మడతలు వేసి వడకట్టండి. గుడ్డని గట్టిగా పిండకండి, చేదూ మడ్డీ దిగుతాయి. దానంతటది కారనివ్వాలి. వేడినీళ్లతో శుభ్రం చేసి ఓవెన్‌లో ఆరబెట్టిన సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాల్లో వాడేసుకోవచ్చు. ఎక్కువ కాలం ఉండాలంటే మళ్లీ మరిగించమని కొందరు చెబుతారు. నేను ప్లాస్టిక్ సీసాల్లో మెడ దగ్గర కాస్త ఖాళీ ఉంచి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. మరిగించినదాన్నీ గడ్డకట్టించినదాన్నీ జనవరిలో పక్కపక్కన తాగితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

దీన్ని పులియబెట్టి పొంగే పానీయం చేసుకోవడం ఇంకో సరదా. పువ్వు మీదే అడవి ఈస్ట్ ఉంటుంది, కడగకపోవడానికి అదొక కారణం. నాలుగైదు లీటర్ల నీళ్లలో 700 గ్రాముల పంచదార, నిమ్మకాయలు, రెండు చెంచాల వెనిగర్, కొద్దిగా పువ్వు. రెండు మూడు రోజులకి చిన్న బుడగలు లేస్తాయి. ఇళ్లల్లో దీన్ని ఎల్డర్‌ఫ్లవర్ షాంపేన్ అంటారు. ఆ పేరు సీసా మీద రాసి అమ్మడం మాత్రం కుదరదు. సర్రే ప్రాంతంలో తయారైన ఒక పానీయం ఆ పేరుతో వస్తే ఫ్రాన్స్ షాంపేన్ తయారీదారులు కోర్టుకెక్కారు, 1993లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. ఆ పానీయంలో అసలు మద్యమే లేదు.

రుమేనియాలో ఇలాంటిదాన్నే సొకాతా అంటారు, నిమ్మకాయలూ పంచదారా పువ్వూ వేసి ఎండలో పెద్ద జాడీల్లో పెడతారు. అక్కడ దీనికెంత గిరాకీ అంటే ఫాంటా కంపెనీ షొకాటా పేరుతో ఆ రుచిని తెచ్చింది.

ఈ పులియబెట్టే పనిలో ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. గాజు సీసాలు వద్దు. మూడో ఏడాది నేను అందంగా ఉంటాయని పల్చటి గాజు సీసాల్లో నింపి మెట్ల కింది అలమరాలో పెట్టాను. ఆరో రోజు రాత్రి ఒంటిగంటకి పెద్ద చప్పుడు. తలుపు తీస్తే గాజుముక్కలు చెక్కలో గుచ్చుకుని ఉన్నాయి, గోడ అంతా జిగురు. పగలు పూట, అమ్మాయి ఆ తలుపు దగ్గర ఆడుకునే వేళకి అది జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. సోడా వచ్చే ప్లాస్టిక్ సీసాలు వాడండి. వేలితో నొక్కితే లోపలి ఒత్తిడి తెలిసిపోతుంది. రాయిలా గట్టిపడితే మూత కొద్దిగా తిప్పి గాలి వదలండి, ఆ సన్నటి బుస్సుమన్న గాలిని కూడా వాసన చూడండి. పండులా ఉంటే సరే. వెనిగర్‌లా ఘాటుగా ఉంటే పని ముగిసింది, దాన్ని వంటకి వాడుకోండి. ఇందులో కొద్దిగా ఆల్కహాల్ తయారవుతుంది కాబట్టి పిల్లలకి ఇచ్చేది మాత్రం కార్డియల్ ఒక్కటే.

వంటలో ఈ పువ్వుకి సరైన చోటు ఏది అంటే నేను పూల బజ్జీలే అంటాను. బవేరియా, ఆస్ట్రియా ప్రాంతాల్లో వీటికి పెద్ద పేరు, అక్కడ హోలర్‌కూహ్లే అంటారు. మైదా, గుడ్డు, చిటికెడు ఉప్పు, చల్లటి సోడా నీళ్లు కలిపి జారుగా కలుపుకోవాలి. గుత్తిని కాడతో పట్టుకుని, పూల వైపు పిండిలో ముంచి, అదనపు పిండి దులిపి, కాగిన నూనెలో తలకిందులుగా దించాలి. పిండి పల్చగా ఉంటే గుత్తి నూనెలో గొడుగులా విచ్చుకుంటుంది, ఒక్కో రెమ్మా విడిగా కరకరలాడుతుంది. పిండి చిక్కగా ఉంటే ముద్దయిపోయి పువ్వు ఉందో లేదో కూడా తెలియదు. నిమిషం, నిమిషంన్నర చాలు. తీసి పైన మెత్తటి పంచదార చల్లి, కాడ పట్టుకుని పూలు మాత్రం కొరికి తినాలి. కాడ పళ్లెంలో వదిలేయాలి. దీనికి తెచ్చిన పువ్వు ఇంటికి చేరిన గంటలోపే నూనెలో పడాలి, సాయంత్రానికి ఉంచితే దండగ.

దీని తర్వాత గూస్‌బెర్రీ. ఉసిరికాయ అనుకోకండి, ఇది వేరే కాయ, ఆకుపచ్చగా, బాగా పుల్లగా ఉంటుంది. ఎల్డర్ పూత అయిపోయే జూన్ చివరి రోజుల్లోనే ఇది చేతికొస్తుంది. ఉడికే గూస్‌బెర్రీల్లో మల్లు గుడ్డలో మూటకట్టిన పువ్వుని చివరి అయిదు నిమిషాలు వేసి తీసేయడం ఇక్కడి పాత పద్ధతి. పులుపు పదును పోకుండానే మెత్తబడుతుంది. రెండూ ఒకే వారంలో దొరకడం వల్లే ఈ జోడీ పుట్టిందని, ఎవరో వంటగదిలో కూర్చుని కనిపెట్టింది కాదని నాకనిపిస్తుంది.

పాలూ మీగడలతో చేసే తీపి పదార్థాల్లో కొత్తవాళ్లు కార్డియల్ పోసి బాధపడతారు. అందులో నిమ్మ ఉప్పు ఉంది, పాలు విరుగుతాయి. మీగడని వేడిచేసి దించి, కాస్త చల్లారాక పువ్వునే నేరుగా వేసి అరగంట ఉంచి వడకట్టండి. కేకులకైతే కార్డియల్ చక్కగా పనికొస్తుంది. 2018 మే 19న జరిగిన రాజకుమారుడు హ్యారీ పెళ్లికి చేసిన కేకు నిమ్మ, ఎల్డర్‌ఫ్లవర్ కలిపిందే. ఆ వేసవి మా వీధిలో ఈ పువ్వు పేరు ఎరగని ఇల్లు లేదు.

ఇంత శ్రమ దేనికి, షాపులో సీసా దొరుకుతుంది కదా అని నా స్నేహితులు అడుగుతారు. కొనుక్కోండి, తప్పేముంది. పేరున్న కంపెనీల్లో బీవర్ (Belvoir) 1984లో ఒక ఇంటి వంటగది పద్ధతితోనే మొదలైంది. ఇప్పటికీ పూల కాలంలో చుట్టుపక్కల జనం కోసి తెచ్చిన పువ్వుని కిలోల లెక్కన కొంటుంది. అంత పెద్ద వ్యాపారం కూడా మనుషుల చేతుల మీదే నడుస్తోందంటే ఈ పువ్వు స్వభావం అర్థమవుతుంది. కానీ షాపు సీసా ఏటా ఒకేలా ఉండాలి, అది వాళ్ల వృత్తి ధర్మం. నా సీసాలు ఒకేలా ఉండవు. కాలువ గట్టు మొదటి చెట్టుది లిచీలా ఉంటుంది. రైలు వంతెన పక్క చెట్టుది నిమ్మగడ్డి వైపు వెళ్తుంది. వేరువేరుగా నానబెట్టి, సీసా మీద చెట్టు పేరూ తేదీ పూటా రాస్తాను. మూడో ఏడాది నుంచి ఆ చీటీలన్నీ దాచాను. వాటిని తిరగేస్తే ఏ చెట్టు ఏ వారంలో బాగుంటుందో తెలుస్తుంది. మా పెద్దావిడకి ఆ చీటీలు అక్కర్లేదు. కళ్లు మూసుకుని ఒక గుటక తాగి ఏ చెట్టో చెప్పేస్తుంది, నేను పరీక్ష పెట్టినప్పుడు ఆరింటికి అయిదు సరిగ్గా చెప్పింది.

ఇంకో మాట అంటారు, ఊరికే వస్తోంది కదా సంచులకొద్దీ కోసుకుంటే పోలా అని. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. మనం కోసిన ప్రతి గుత్తీ సెప్టెంబరులో ఒక కాయల గుత్తి లేకుండా చేస్తుంది. ఆ కాయలు తిని నల్లపిట్టలూ బ్లాక్‌క్యాప్ పిట్టలూ చలికాలానికి ఒళ్లు చేసుకుంటాయి. పోయినేడు జూన్ రెండో వారంలో కాలువ గట్టు మీద ఒక చెట్టు చేతికందినంత మేరా బోసిగా కనిపించింది. కింద నేలంతా తొక్కిన గుత్తులు, బాగా లేవని ఏరి పారేసినవి. కోసే ముందు వాసన చూసి ఉంటే వాటిని కోసేవాళ్లే కాదు. డెన్మార్క్‌లో ఈ చెట్టులో హ్యూల్‌దెమోర్ అనే తల్లి ఉంటుందని, కొమ్మ నరికే ముందు ఆమె అనుమతి అడగాలని నమ్మేవాళ్లు. ఆ నమ్మకం నాకు లేకపోయినా, అడగడానికి చెట్టు ముందు ఒక్క నిమిషం ఆగాలి కదా, ఆ నిమిషం నాకు నచ్చింది. నేను ఒక చెట్టుకి అయిదారు గుత్తులకి మించి తీసుకోను, పై కొమ్మలు వంచను.

నిన్న ఆదివారం పొద్దున అమ్మాయీ నేనూ బుట్ట పట్టుకుని వెళ్లాం. మొదటి చెట్టు ఈసారి వారం ముందే పూసేసింది. నేను అలవాటుగా చెయ్యి చాపాను. తను అప్పటికే గుత్తి కిందకి ముఖం పెట్టి, "వద్దమ్మా, ఇది అయిపోయింది" అని తల తిప్పేసింది. నేనూ చూశాను. అడుగున ఎక్కడో సన్నగా ఉంది ఆ పిల్లి వాసన, నాకైతే రెండోసారి పీలిస్తే తప్ప తెలియలేదు. అక్కణ్నుంచి రైలు వంతెన దాకా నడిచాం. అక్కడ నీడ వైపు కొమ్మలు ఇంకా సగం మొగ్గల మీదున్నాయి. ముక్కు మీద పుప్పొడి అంటుకుంటుంటే ఒక్కో గుత్తినీ చూసి, తను అవునన్నవే నేను కత్తిరించాను. తొమ్మిది వచ్చాయి.

గిన్నె ఇప్పుడు వంటింటి అరుగు మీద ఉంది. నిన్న సాయంత్రం ఆరింటికి నానబెట్టాం. ఇది రాస్తుంటే పదకొండయింది, ఎండ బాగా కాస్తోంది. పొద్దున చూసినప్పుడు నిమ్మ ఇంకా పైనే ఉంది. వెళ్లి మళ్లీ మూత తీసి చూడాలి.